బొమ్మలో పడితే కార్డులో పడినట్టే

ఇందులో ప్రతి మాటా నిజం. మొదట మా అమ్మ మీద ఒట్టేసి మొదలుపెడదామనుకున్నాను. ఆవిడ, "నా మీద ఇప్పటికే చాలా ఉన్నాయి, ఇంకెవరినైనా చూసుకో" అంది. అందుకని మా రేపల్లె కాలువ నీళ్ల మీద ఒట్టేసి చెబుతున్నాను. నవ్వకండి. అనంతపురం జిల్లా తిరిగొచ్చినవాడు నీళ్ల మీద ఒట్టేశాడంటే అంతకు మించిన ఒట్టు లేదు.

హైదరాబాదులో పిల్లలకు బొమ్మల పుస్తకాలు వేసే ఒక చిన్న సంస్థకు నేను కథలు రాస్తుంటాను. మా పాత పుస్తకం ఒకదానిలో ఒక ఇల్లుంది. ముందు పూలమొక్కలు, అరుగు మీద పేపరు చదివే నాన్న, వంటింట్లో అమ్మ, బంతితో అన్న, బొమ్మతో చెల్లి. ఆ పుస్తకం అనంతపురం జిల్లాలో ఒక బడికి వెళ్లింది. పిల్లలు ఆ నాన్నను చూసి టీచరును అడిగారట: "ఈయప్పకేమన్నా రోగమా, పొద్దున్నే పనికి పోకుండా కూచున్నాడు?"

నేను నవ్వాను. మా సంపాదకురాలు నవ్వలేదు. ఆ జిల్లాకే పోయి, అక్కడి ఇళ్లలో ఎవరెవరు ఉంటున్నారో చూసి, బొమ్మలేయించుకుని రమ్మంది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త, వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్లు. నా మీద కోపంతోనే పంపుతోందని నాకు అనుమానం. ఇప్పటికీ ఉంది.

అనంతపురంలో ఉగ్గాని

బొమ్మలేయడానికి గఫూర్ దొరికాడు. యాభై దాటిన మనిషి. దుకాణాల బోర్డులు, గోడల మీద ఎరువుల ప్రకటనలు, లారీల వెనక నెమళ్లు, అన్నీ ఆయన చేతివే. అప్పుడే ఊళ్లోకి ఫ్లెక్సీ మిషను వచ్చి కుంచెకు పని తగ్గింది. అయినా నేను అడగ్గానే ఒప్పుకోలేదు.

ఉగ్గాని తింటూ మాట్లాడుకున్నాం. తడిపిన బొరుగులకు తాలింపు పెట్టి, పక్కన మిరపకాయ బజ్జీ ఇస్తారు. మా వైపు వాటిని మరమరాలంటాం, సాయంత్రం పిల్లలు నమలడానికి తప్ప లెక్కలోకి తీసుకోం. ఇక్కడ అదే పొద్దుటి టిఫిను, ప్లేటు ఐదు రూపాయలు. బజ్జీ కొరికాక నా ఎడమ చెవిలో బస్సు హారన్ మోగింది. కుడి చెవిలో ఏమీ మోగలేదు. మర్నాటికి చెవులు మారాయి.

"పేదోళ్ల ఇళ్లు చూసి బొమ్మలేసేదానికి అంత దూరం నుంచి వచ్చినారా?" అన్నాడు గఫూర్. "దీని ఎనకాల ఏముండాది, నిజం చెప్పండి సార్."

ఏమీ లేదన్నాను. ఏమీ లేదన్నవాణ్ణి ఇంతవరకూ నమ్మలేదని చెప్పి, చేయి కడుక్కుని, వస్తానన్నాడు. రంగుల డబ్బాకు తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. నేను నా సంచిని లాడ్జిలో తల కింద పెట్టుకున్నాను. అలా ఒకరినొకరు నమ్మకుండా బయల్దేరాం.

యాడికి: ఇద్దరమ్మలు

యాడికిలో బండలు చూసి కాసేపు నోరు తెరుచుకుని నిలబడ్డాను. గోడకు బండ, కంచెకు బండ, మెట్టుకు బండ. మా డెల్టాలో ఒక రాయి కావాలంటే ఇంకో జిల్లాకు ఉత్తరం రాయాలి.

అక్కడ ఇంకో సంగతి పట్టుబడింది. మా ఊళ్లో గుమ్మంలోకి మనిషి వస్తే ముందు మంచినీళ్లిచ్చి తర్వాత ఎవరని అడుగుతారు. ఇక్కడ ముందు యా ఊరు, ఎందుకొచ్చినారు, ఎవరు పంపినారు అని అన్నీ అడిగాకే చెంబు. మొదట మర్యాద తక్కువనుకున్నాను. తర్వాత అర్థమైంది. మనిషి మంచివాడు కాదని తేలాక తాగిన నీళ్లు వెనక్కి రావు.

మేం చూసిన మొదటి ఇల్లు అక్కాచెల్లెళ్లది. ఇద్దరికీ ఒకడే మొగుడు, అతను రాతి గనిలో పనికి పోయాడు. నాలుగేళ్ల పిల్లవాణ్ణి మీ అమ్మ ఎవరని అడిగాను. వాడు నన్ను తెలివి తక్కువవాణ్ణి చూసినట్టు చూసి, "పొద్దునమ్మనా, సందేళమ్మనా?" అన్నాడు. పొద్దున ఒకామె ఇంట్లో ఉంటే ఒకామె కూలికి పోతుంది, మధ్యాహ్నం నుంచి మారతారు. నాకు ఆ జవాబు ఎంత నచ్చిందంటే అక్కడే పుస్తకంలో ఒక పేజీ అయిపోయిందనుకున్నాను.

గఫూర్ అందరినీ వరసగా నిలబెట్టి గీయడం మొదలుపెట్టాడు. అదే మేం చేసిన తప్పు. పెద్దామె పమిట సర్దుకుని అడిగింది: "మమ్మల్నిద్దర్నీ ఒకే బొమ్మలో ఏస్తే కార్డు ఒకటొస్తాదా, రెండొస్తాయా?"

తెల్ల రేషన్ కార్డు మీద ఇంటిల్లిపాదీ కలిసి దిగిన ఫోటో ఉంటుంది. ఆ ఊళ్లలో కుటుంబమంతా వరసగా నిలబడి బొమ్మ తీయించుకోవడమంటే అందుకే. ఇంకెందుకూ కాదు. ఫోటోల మిషను పాడైంది కాబట్టి గవర్నమెంటు చేత్తో గీయిస్తోందని ఎవరో తీర్మానించేశారు. బొమ్మలో పడితే కార్డులో పడినట్టే.

నేను పిల్లల పుస్తకమని ఎంత చెప్పినా ఫలితం లేకపోయింది. చిన్నామె తేల్చి చెప్పింది: "కాదనేవాళ్లే ఆఫీసర్లు. ఉత్త మనుషులైతే ఔనంటారు."

బెళుగుప్ప: అందరి తాత

పుకారు మాకంటే ముందు బస్సెక్కింది. బెళుగుప్పలో మేం దిగేసరికి ఇళ్ల ముందు జనం తల దువ్వుకుని నిలబడి ఉన్నారు. ఒక్కో ఇంట్లో పది మంది, పన్నెండు మంది. కార్డులో మనిషి పెరిగితే బియ్యం పెరుగుతాయి. మూడో ఇంట్లో మంచం మీద కూర్చున్న ముసలాయనను చూసి గఫూర్ కుంచె ఆపాడు. మొదటి ఇంట్లోనూ ఈయనే, రెండో ఇంట్లోనూ ఈయనే.

"ఆడ పెదనాయన, ఈడ తాత," అన్నాడు ముసలాయన ఏమాత్రం తడబడకుండా. "నాకేమప్పా, కూచోమన్నకాడ కూచుంటాండా."

అక్కడి ఎండ గురించి ఒక మాట. గొర్రెలు ఒకదాని పొట్ట నీడలో ఇంకోటి తల దూర్చుకుని నడుస్తాయి. ఇది ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనిది ఏమిటంటే, ముందు నడిచే గొర్రెకు నీడ లేదు కదా, అందుకని అవి ఫర్లాంగుకోసారి వంతు మార్చుకుంటాయి. వంతు ఎగ్గొట్టిన గొర్రెను మిగతావి మందలో కలుపుకోవు. గాలి సంగతి అడగొద్దు. నేను తుమ్మితే వీధి చివర కూర్చున్న గఫూర్‌కు జలుబు చేసింది.

ఊరి చివర ఒక గొర్రెల కాపరి ఇల్లు మాత్రం ఎవరినీ అరువు తెచ్చుకోలేదు. ఒకామె, ఇద్దరు పిల్లలు. మొగుడు మేత కోసం మందతో తిరుగుతూ ఏడాదిలో సగం ఊళ్లో ఉండడు. బొమ్మలో ఆయన చోటు వదలమంది ఆమె, వచ్చినప్పుడు కూర్చుంటాడని. గఫూర్ ఖాళీ చోటు వదిలి గీశాడు. ఎండబెట్టిన ఆ కాగితాన్ని ఒక గొర్రె తినేసింది. గొర్రె ఎవరిదో ఎవరూ ఒప్పుకోలేదు. మళ్లీ గీయాల్సి వచ్చింది.

కుందుర్పి దాటాక: మూడు జవాబులు

కుందుర్పిలో బస్సు దిగి, పడమటికి మట్టిరోడ్డు పట్టుకుని, ఎండిపోయిన వంక దాటి, నల్ల గుండ్లు దొంతరగా ఉన్న గుట్ట దగ్గర కుడివైపు తిరిగితే ఒక చిన్న ఊరు. గుర్తులు సరిగ్గా రాసుకోండి.

ఇక్కడ అంతా తారుమారైంది. బెళుగుప్పలో బొమ్మలో పడటానికి ఎగబడితే, ఇక్కడ మమ్మల్ని చూసి తలుపులు వేసుకున్నారు. ఒక ఇంటి ముందు మాత్రం ఆరేడేళ్ల పిల్ల బడికి పోయేముందు రెండు మేకలను కట్టేస్తూ కనిపించింది. పేరు గంగి. గఫూర్ రంగుల డబ్బా తెరవగానే వచ్చి పక్కన కూర్చుంది, "నన్నెయ్యవా?" అంది. లోపల్నుంచి అవ్వ వచ్చి పిల్ల రెక్క పట్టుకుని లాక్కుపోయింది. ఆమె హనుమక్క. ఆ ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే.

నాకు అవ్వా మనవరాలూ ఉండే పేజీ కావాలి. ఆ వైపు చాలా ఇళ్లలో అమ్మానాన్నలు బెంగళూరు కట్టడాల పనికి పోతే పిల్లలు అవ్వల దగ్గరే పెరుగుతారు. అందుకని గుమ్మం వదల్లేదు. పాప ఎవరని అడిగితే కూతురి బిడ్డంది హనుమక్క. కాసేపాగి, మీ అల్లుడేం చేస్తాడంటే, అల్లుడెవరు, ఇది కొడుకు బిడ్డ కదా అంది. గఫూర్‌ను పంపి విడిగా అడిగిస్తే చెల్లెలి మనవరాలని చెప్పింది.

ఇరవై ఏళ్లుగా అబద్ధాలు అల్లి బతుకుతున్నవాణ్ణి. బాగా అల్లినదాన్ని దూరం నుంచే గౌరవిస్తాను. ఆమెవి చేతకాని అబద్ధాలు. ఈ పిల్లను ఎక్కణ్ణుంచో ఎత్తుకొచ్చారేమో అనుకున్నాను. గఫూర్ కూడా అదే అనుకున్నాడు కానీ, మనకెందుకు సార్, పోదాం పా అన్నాడు. నేను పోలేదు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క టీ కొట్టుకు వెళ్లి, నలుగురూ వినేటట్టు, ఆ పాప ఎవరి బిడ్డని అడిగాను.

కొట్టు సుంకన్నది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. అతను నా వైపు చూసి, "పాలు అయిపోయినాయప్పా" అన్నాడు.

ఆ తర్వాత ఊళ్లో అన్నీ అయిపోయాయి. నీళ్లు అయిపోయాయి. మొదట సంగటి పెడతానన్న ఇంట్లో రాగిపిండి అయిపోయింది. సాయంత్రం బస్సు కూడా ఇవాళ రాదన్నారు. బల్లల మీద కూర్చున్నవాళ్లు లేచి మా చుట్టూ నిలబడ్డారు.

"జీపు యాడ నిలబెట్టినారు?" అన్నాడు సుంకన్న.

జీపు లేదు, బస్సులో వచ్చామన్నాను.

"పోయినేడు వచ్చినోళ్లూ మొదట అట్లనే అన్నారు."

గఫూర్ కుంచెలన్నీ బల్ల మీద పరిచాడు. తాను అనంతపురం బోర్డు పెయింటరునని, ఈ సార్ పిల్లల పుస్తకాల మనిషని, కొంచెం వాగుతాడు తప్ప చెడ్డవాడు కాదని చెప్పాడు. నన్ను గురించి అంత మంచిగా ఆయన మాట్లాడటం అదే మొదలు. అయినా వాళ్లు నమ్మలేదు. ముక్కలు ముక్కలుగా, కోపంతో, నన్ను తిడుతున్నట్టుగానే సంగతంతా చెప్పారు.

హనుమక్క కూతురు బెంగళూరులో కట్టడాల పనిలో ఉంది. ఆమె పక్కన ఇటుకలు మోసిన ఒకామె, ఎక్కడిదో, మాట కూడా సరిగా అర్థమయ్యేది కాదు, మూడో అంతస్తు నుంచి పడి చనిపోయింది. ఏడాది కూడా నిండని బిడ్డ ఇసుక కుప్ప పక్కన ఉయ్యాల్లో ఉంది. బిడ్డ కోసం ఎవరూ రాలేదు. పని ముగిసి కూలీలు వెళ్లిపోయే రోజు హనుమక్క కూతురు ఆ బిడ్డను మూటలో పెట్టుకుని బస్సెక్కి తల్లి ఒళ్లో వేసిపోయింది. అప్పటినుంచి గంగి ఈ ఊరిది. పోయిన ఏడాది తెల్ల బట్టల మనుషులు ఇద్దరు జీపులో వచ్చి, ఆ పిల్లను హాస్టల్లో పెడతామన్నారు. ఏ హాస్టలంటే చెప్పలేదు. అటువంటి పిల్లే లేదని ఊరంతా అడ్డం నిలబడింది. గంగి వారం పాటు గొర్రెల మందలో ఉంది. ఆ జీపువాళ్లు మంచివాళ్లో కాదో నాకిప్పటికీ తెలియదు. ఊరికీ తెలియదు. కానీ వాళ్లు అడిగిందీ నేను అడిగిందీ ఒకే ప్రశ్న.

హనుమక్క అప్పటికే వచ్చి గుంజకు ఆనుకుని నిలబడి ఉంది. "బొమ్మేసి కార్డులోకి ఎక్కిస్తే ఎవరి బిడ్డని రాస్తారప్పా?" అంది. "రాసినంక మళ్లా వస్తారు. ఈసారి కాగితంతో వస్తారు. నా దగ్గర ఏం కాగితముండాది?"

సుంకన్న కొట్టు: ఒక పురుడు

నాకు అబద్ధం తోచనప్పుడు నిజం వస్తుంది.

"అవ్వా, నువ్వు అబద్ధం ఆడటం నేర్చుకోలేదు," అన్నాను. "పొద్దుట్నుంచి నాకు మూడు చెప్పావు. నేనే పట్టుకున్నాను, జీపువాళ్లు పట్టుకోరా? ఊరికంతా ఒకటే ఉండాలి."

తన్నులు తప్పవనుకున్నాను. అప్పుడు మూల కూర్చున్న ముసలామె, మంత్రసాని మరియమ్మ, వక్క నములుతూ అంది: "ఒకటే గదా. పురుడు పోసింది నేనే."

అందరూ ఆమెను చూశారు. ఆమె తొణకలేదు. హనుమక్క కూతురు కాన్పుకు ఇంటికొచ్చిందనీ, నొప్పులు తెల్లవారుజామున మొదలయ్యాయనీ, బిడ్డ కాళ్లతో వచ్చిందనీ చెప్పింది. నీళ్లు కాచింది తానేనన్నాడు సుంకన్న, పాలగిన్నెలో కాచాడట, ఆ రోజు టీ వాసన వేరుగా ఉండిందట. ఒకాయన బొడ్డు కోసిన కొడవలి తనదన్నాడు. మరియమ్మ కొడవలి కాదు బ్లేడని దిద్దింది. ఇద్దరూ నిజంగా జరిగినదాని మీద పోట్లాడినట్టే పోట్లాడారు. నాలాంటి వాడికి అది పండగ భోజనం. నేనూ ఒక చెయ్యి వేద్దామని, బిడ్డ పుట్టగానే పెద్ద వాన పడిందని పెడదామన్నాను.

కొట్టంతా ఒక్కసారిగా నా మీద పడింది.

"వానంటే ఎవరు నమ్ముతారప్పా?" అన్నాడు సుంకన్న. "ఉన్నదంతా చెడిపోతాది. తీసెయ్."

తీసేశాను. పాలు ఎక్కడినుంచో వచ్చాయి, అందరికీ టీలు వచ్చాయి. రెండోసారి మొదటినుంచి చెప్పుకుంటుండగా గంగి పలక పట్టుకుని బడి నుంచి వచ్చింది. అందరూ ఆగిపోయారు. హనుమక్క మాత్రం ఆపలేదు. పిల్లను దగ్గరకు లాక్కుని, "నువ్వు పుట్టినపుడు మరియమ్మ జేజి..." అంటూ మొత్తం చెప్పింది. ఈసారి బాగా చెప్పింది.

గంగి చివరిదాకా విని అడిగింది: "ఇది జీపోళ్లకు చెప్పేదా అవ్వా?"

హనుమక్క తల ఊపింది.

"మూట కథే బాగుండాది," అంది గంగి. ఆ పిల్లకు మొదటినుంచీ తెలుసు. ప్రతి రోజూ నిద్రపోయే ముందు ఆ మూట కథే చెప్పించుకుంటుందట. గఫూర్ వైపు తిరిగి, "బస్సు ఎయ్యి. నా కాళ్లు బయటికి ఉండాల. నన్ను తెచ్చిన అమ్మ కిటికీ పక్కన కూచునుండాల" అంది.

నేను హనుమక్కను చూశాను. ఈ బొమ్మే పాప నీదనడానికి సాక్ష్యమని అబద్ధం చెప్పి ఉంటే సులువుగా బొమ్మకు ఒప్పుకునేది. కానీ ఆ రోజుకు అబద్ధాల కోటా అయిపోయిందనిపించింది. ఈ పుస్తకం ఏ ఆఫీసులోనూ చెల్లదు, దీన్ని చూపించి పాపను నీదనడానికి వీల్లేదు అని చెప్పాను.

"ఆఫీసుకెవరడిగినారు?" అంది హనుమక్క. "దానికి చూపించుకుంటా."

బస్సు బోర్డు

గఫూర్ ఆ సాయంత్రమంతా గీశాడు. బొమ్మలో ఎవరి ముఖమూ లేదు. కిటికీ పక్కన కూర్చున్న ఆమె కొంగు తల మీదుగా ముందుకు జారి ఉంది. ఒళ్లో మూట, మూటలోంచి రెండు చిన్న పాదాలు. గంగి తన కాళ్లు చాపి, చూసి గీయమని ఎదురుగా కూర్చుంది. పాదాలు ఇప్పుడు పెద్దవయ్యాయంటే, "అయితే చిన్నగా ఎయ్యి" అంది.

అంతా అయ్యాక ఆయన బస్సు నెత్తిన బోర్డు దగ్గర చేయి ఆపాడు. ఊరి పేరు వద్దన్నాను. ఆయనకు నచ్చలేదు. బోర్డులు రాయడమే బతుకైన మనిషి, ఖాళీ బోర్డును చూసి ఊరుకోలేకపోయాడు. కనీసం 'ఎక్స్‌ప్రెస్' అనైనా రాస్తానన్నాడు. హనుమక్క బొమ్మ దగ్గరకు వంగి, ఆ తెల్ల పట్టీ మీద వేలు పెట్టి, ఇక్కడ ఊరి పేరు ఉండాలా అని అడిగింది. ఉండాలని ఆయన, వద్దని నేను. ఆమె వేలు తీయలేదు. గఫూర్ కుంచె కడిగేశాడు.

ఆ రాత్రి సంగటి ముద్ద, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరుబిండి, అంటే మా వేరుశెనగ పచ్చడి, పెట్టారు. అయిపోయిన రాగిపిండి మూడు ఇళ్లలో దొరికింది. మర్నాడు రాదన్న బస్సు వచ్చింది.

పుస్తకం అచ్చయి ఇళ్లలోకీ బళ్లలోకీ వెళ్లింది. ఇద్దరమ్మల పేజీ ఉంది, కాపరి చోటు ఖాళీగా ఉన్న పేజీ ఉంది. పిల్లలు అందరికంటే ఎక్కువగా ఆగేది బస్సు దగ్గర. ఇది ఎక్కడికి పోతుందని అడుగుతారు. ఏ బడికి వెళ్తే ఆ ఊరి పేరు వాళ్లే చెబుతారు. ఒకడు కలంతో రాసేశాడు కూడా. పెద్దవాళ్లు మాత్రం ఒక పక్కకు పిలిచి, ఆ పాప నిజంగా ఉందా, ఏ ఊరు అని గొంతు తగ్గించి అడుగుతారు. అలా గొంతు తగ్గించేవాళ్లంటే నాకిప్పుడు భయం.

అందుకని మొదట్లో ఒట్టేసిన మాటలో ఒక చిన్న తరుగు ఉందని ఒప్పుకుంటున్నాను. గొర్రెలు వంతులు వేసుకోవడం నిజం. చెవిలో హారన్ నిజం. సుంకన్న, మరియమ్మ, హనుమక్క, వాళ్లందరూ నిజం, పేర్లు తప్ప. నేను కల్పించింది ఆ ఊరు కుందుర్పి దగ్గర ఉందన్న మాట. బస్సు దిగి, వంక దాటి, నల్ల గుండ్ల గుట్ట దగ్గర కుడివైపు తిరిగితే మీకు ఇంకో గుట్ట వస్తుంది. దాని వెనక ఏముందో నాకు తెలియదు, నేనెప్పుడూ అటు వెళ్లలేదు. యాత్ర రాసేవాడు ఊరి పేరు చెప్పకపోతే ఎవరూ చదవరు. అందుకని గఫూర్ వదిలేసిన బోర్డు మీద ఏదో ఒకటి రాసి తగిలించాను.